ఎడమ పక్క స్పీకరు

కొత్త టీవీ ఇంటికొచ్చిన మూడో రోజుకే దాని మీద నాకు విరక్తి పుట్టింది. దేవుడి పటం మందం కూడా లేదు. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది, కాదనను. మాట మాత్రం ఒక్క ముక్క తెలిసేది కాదు. వార్తలు చదివే అమ్మాయి నోరు తెరుస్తుంది, మూస్తుంది, మధ్యలో గొంతు ఎక్కడికి పోయిందో దేవుడికే తెలియాలి. సౌండు పెంచితే కీచుమంటుంది, తగ్గిస్తే గొణుగుతుంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అనుకుని, కొన్న కర్నూలు షాపుకు ఫోను చేసి కడిగేశాను. ఆ షాపాయన ఓపికమంతుడు. నా తిట్లన్నీ అయ్యేదాకా ఆగి, "సన్న టీవీల్లో స్పీకర్లు కూడా సన్నవే ఉంటాయి సార్. ఇంట్లో పాత హోమ్ థియేటర్ ఏదైనా ఉంటే దానికి తగిలించుకోండి, మాట బాగా వస్తుంది" అన్నాడు.

ఉంది. రెండువేల మూడు ప్రాంతంలో ఎగబడి కొన్నాను. అయిదు చిన్న స్పీకర్లు, దడదడలాడించే ఒక పెద్ద పెట్టె, వాటన్నిటికీ నడుమ సీడీలు మింగే యంత్రం. నాలుగేళ్లు ఇల్లు అదిరేలా వాడాం. తర్వాత అది సీడీ మింగడం, కక్కడం రెండూ మానేసింది. అట్టపెట్టెలో సర్ది అటకెక్కించాను. మా ఇంట్లో వస్తువు పాడైతే పారెయ్యడం అనేది లేదు. తాత కాలం తూకంరాళ్లు కూడా ఇప్పటికీ ఆ అటక మీదే ఉన్నాయి.

ఈ కథలో టీవీ ఎంత ఉందో బండలూ అంతే ఉన్నాయి కాబట్టి ఆ సంగతి కూడా చెప్పాలి. మాది బేతంచెర్ల. మాకు పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. గనుల నుంచి మొరటుగా వచ్చే నాపరాళ్లను కోసి, నున్నగా చేసి, ఇళ్లలో నేలకు పరిచే బండలుగా కడపకూ రాయచోటికీ లారీల్లో పంపుతాం. ఎందరు పనివాళ్లున్నా, లారీ ఎక్కే ముందు ప్రతి బండనూ కొట్టి చూసే పని మాత్రం నాది. మా నాన్న నాకు నేర్పిన విద్య అదొక్కటే. బండను అంచు మీద నిలబెట్టి, ఎడమ చెయ్యి ఆనించి, ఎడమ చెవి దగ్గరగా పెట్టి, కుడి చేతిలోని చిన్న ఇనపముక్కతో తడతాం. మంచి బండ ఖంగుమని ఒకే గొంతుతో పలుకుతుంది. లోపల కంటికి కనపడని బీట ఉంటే ఆ పలుకు చివర సన్నటి జీర వస్తుంది, జలుబు చేసినవాడి గొంతులా. ఆ జీర వినపడిందా, బండను పక్కన పెట్టాలి. వినకుండా పంపామా, తాపీవాడు సున్నం మీద పరిచి నాలుగు దెబ్బలు వెయ్యగానే రెండు ముక్కలవుతుంది. ఫలానా శెట్టి కొట్టి పంపిన బండంటే మళ్లీ చూడనక్కర్లేదని కడప దాకా పేరు. ఆ పేరంటే నాకు ప్రాణం.

ఆ ఏడు ఎండాకాలం నుంచి ఆ పేరుకే ఎసరొచ్చింది. రాయచోటి వ్యాపారి ఫోను మీద ఫోను. పరిచిన బండ పరిచినట్టు విరుగుతోందట. నేను కొట్టి చూసినప్పుడు నిక్షేపంగా ఉన్న బండ అక్కడికి చేరేసరికి బీట పడిందంటే, మధ్యలో ఎవరి చెయ్యి పడినట్టు? లోడింగు ముఠా చెయ్యి. ముఠాకు పెద్ద ఎవరు? మేస్త్రి. నా విచారణ అంత సులువుగా తేలిపోయింది.

మేస్త్రి మా నాన్న కాలం మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద. ఏదో కరువు ఏడు పత్తికొండ పక్క పల్లె నుంచి పనికొచ్చి ఇక్కడే నిలిచిపోయాడు. బండను ఆయన భుజానికెత్తుకుంటే చంటిపిల్లను ఎత్తుకున్నట్టుండేది. లారీలో బండకూ బండకూ మధ్య గడ్డి ఎంత కుక్కాలో, ఏ బండను ఏ బండకు ఆనించాలో ఆయన చెయ్యికి తెలుసు. అలాంటి మనిషిని, యార్డులో ముఠా అంతా చూస్తుండగా, లారీ డ్రైవరూ రాయచోటి నుంచి వచ్చిన గుమాస్తా కూడా చూస్తుండగా అనేశాను.

"చేతిలో పట్టు పోయింది మేస్త్రీ నీకు. ముసిలోనివైతివి. ఇంకొక్క లోడు ఇట్ల పోయిందంటే నీకూ నాకూ చెల్లు."

"నా చేతిలో బండ పగల్లేదప్పా" అన్నాడాయన.

మా ఊళ్లో ఫ్యాక్టరీలన్నీ పక్కపక్కనే. ఫలానా మేస్త్రికి పట్టు పోయిందని ఒకచోట మాట పుడితే సాయంత్రానికి అన్ని గేట్ల దగ్గరా ఉంటుంది. ఆ తర్వాత ఆ మనిషిని లోడుకు ఎవరూ పిలవరు. ఆయనకు తెలిసిన పని అదొక్కటే, ఆయనకున్న మర్యాద కూడా ఆ చేతుల వల్ల వచ్చిందే. అవన్నీ తెలిసే అన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో. నాకు కోపం ముక్కు మీదుంటే, సామెత చెవికి ఎక్కడ ఎక్కుతుంది?

అమావాస్య మాకు ఫ్యాక్టరీ సెలవు. ఆ నెల అమావాస్య, సోమవారం కలిసొచ్చాయని మా ఆవిడ వాళ్ల అక్కను తోడు తీసుకుని మహానందికి కోనేటి స్నానానికి పోయింది. పోతూ పోతూ, "అమావాస్య పూట కొత్త పనులు పెట్టుకోవద్దండీ" అని చెప్పింది. పాత హోమ్ థియేటర్ కొత్త పని ఎట్లా అవుతుందని నేను మేస్త్రికి కబురు పెట్టాను. అటక మీద నుంచి ఆ అట్టపెట్టెను దించడం నా వల్ల కాదు మరి. ఎవరి చేతిలో పట్టు పోయిందని యార్డులో అరిచానో, బరువు దించాలంటే ఆ చేతులే గుర్తొచ్చాయి.

వెంటనే వచ్చాడు. నిచ్చెనెక్కి, పెట్టెను భుజానికి ఎత్తుకుని, ఒక్కొక్క మెట్టూ కాలితో తడుముకుంటూ దిగి, చప్పుడు కాకుండా హాల్లో పెట్టాడు. తువ్వాలతో దుమ్ము కూడా ఆయనే తుడిచాడు.

అయిదు స్పీకర్లలో రెండు చాలనుకున్నాను. మాట స్పష్టంగా వినపడాలని రెండు స్టూళ్లు తెప్పించి, నా కుర్చీకి అటొకటి ఇటొకటి, సరిగ్గా చెవుల ఎత్తులో పెట్టించాను. ఇక టీవీకీ పాత యంత్రానికీ పొత్తు కుదర్చాలి. షాపాయన చెప్పిన తీగ ముందే తెచ్చిపెట్టుకున్నాను. రెండు కొసలకూ ఒక ఎర్ర పిన్ను, ఒక తెల్ల పిన్ను. ఎర్రది ఎర్రదాంట్లో, తెల్లది తెల్లదాంట్లో, ఈ మాత్రం నాకు తెలియదా అని టీవీ వెనక దూర్చేశాను. టీవీ గొణుగుడు టీవీలోనే ఉంది, స్పీకర్లు ఉలకలేదు పలకలేదు. పిన్నులు పీకి ఇంకో చోట పెట్టాను. మళ్లీ పీకాను. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఆ టీవీ వీపంతా తొక్కాను. చెమటలు కారుతున్నాయి. షాపాయన్నీ, తీగ చేసినవాణ్ణీ, టీవీ కనిపెట్టినవాణ్ణీ కలిపి తిట్టాను.

మేస్త్రి టీవీ వెనక గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. ఆయనకు చదువు లేదు. అక్కడున్న ఇంగ్లీషు రాతలు ఆయనకు గీతలే.

"అప్పా, ఈడ బాణం గుర్తు లోపలికి చూపిస్తాండాది. ఆ కొనాకున్న దాని కాడ బయటికి చూపిస్తాండాది. టీవీలో మాట మనకు బయటికి రావల్ల గదా?"

లారీలోకి ఎక్కించేదేదో దించేదేదో తెలిసిన మనిషి. కాలేజీ మెట్లెక్కిన నాకు ఆ ముక్క తోచలేదు. అది ఒప్పుకోవడానికి నోరు రాక, "ఊఁ, చూద్దాంలే" అని పిన్నులు అక్కడికి మార్చి, పాత యంత్రం ముందున్న మీటలన్నీ ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయాను. ఎన్నో మీటకో మాట ఊడిపడింది. ఇల్లంతా మాట! వార్తల అమ్మాయి హాల్లోకొచ్చి నిలబడి చదువుతున్నట్టుంది. "భలే" అని అరిచి కుర్చీలో కూలబడ్డాను.

కూలబడ్డాక తెలిసింది. సౌండంతా కుడి పక్క నుంచే వస్తోంది. ఎడమ పక్క స్పీకరు మూగది.

"ఎడమది పలకడం లేదు మేస్త్రీ."

"రెండూ పలుకుతాండాయప్పా" అన్నాడు.

కుడివైపు ఒరిగి చెవి పెట్టాను, గణగణలాడుతోంది. ఎడమవైపు ఒరిగి చెవి పెట్టాను, నోట్లో గుడ్డ కుక్కినట్టు ఏదో బొయ్యిమంటోంది, అంతే. నాకు తెలిసిన పరీక్ష ఒకటే కదా, ఆ స్పీకరు పెట్టెను ఎత్తి పట్టుకుని, ఎడమ చెవి ఆనించి, వేలి కణుపుతో తట్టి చూశాను. బండను తట్టినట్టే. మొద్దుగా పలికింది. లోపల ఏదో విరిగిందని తీర్పు చెప్పేశాను.

"దించేటప్పుడు యాడో తగిలించినావు."

"యాడా తగల్లేదప్పా. నువ్వు కింద నిలబడి చూస్తానే ఉంటివి గదా. రెండూ ఇనపడ్తాండాయి నాకు."

"నాకు ఇనపడంది నీకెట్ల ఇనపడ్తాండాది? అబద్ధం ఆడేకి సిగ్గుండల్ల. బండలు పగలగొట్టి పగల్లేదంటివి. ఇప్పుడు దీన్ని పగలగొట్టి పలుకుతాండాది అంటాండావు. చాలు మేస్త్రీ. రేపట్నించి లోడుకు రావద్దు."

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇంట్లో పనికి పిలిస్తే, కోపం పోయిందేమో అనుకుంటినప్పా" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నేను ఆ మాటకు కరగలేదు సరిగదా, దొంగకు జాలి పుట్టించడం కూడా వచ్చునని అనుకున్నాను. రాస్తుంటే ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది.

సాయంత్రం మా ఆవిడ ప్రసాదం పొట్లంతో వచ్చింది. చెయ్యి కడుక్కోకముందే ఆమెకు కథంతా చెప్పాను, గెలిచినవాడి గొంతుతో. ఆమె ప్రసాదం నా చేతిలో పెట్టి, రెండు స్టూళ్ల మధ్యకు పోయి నిలబడింది. అటు విన్నది, ఇటు విన్నది.

"ఆయన ఏమన్నాడు?"

"రెండూ పలుకుతాండాయన్నాడు. ఎంత ధైర్యం చూడు."

ఆమె నా మొహంలోకి చూసి ఏదో అనబోయి మానుకుంది. "రేపు మెకానిక్కును పిలిపించండి. నేను చెప్తే మీరు ఇనరు" అని లోపలికి పోయింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ కూడా మాట్లాడలేదు. గుడికి తిరిగి అలసిపోయింది కాబోలనుకున్నాను.

మర్నాడు పొద్దున స్టేషను దగ్గర రేడియోలు, టీవీలు బాగుచేసే భాయ్ వచ్చాడు. నెమ్మదస్తుడు. టీవీ పెట్టించి, రెండు స్పీకర్ల దగ్గరా వంగి విని, "రెండూ చక్కగా ఉన్నాయి కదా సేట్" అన్నాడు. నాకు మండింది. ఊరంతా ఒక్కటై నన్ను పిచ్చివాణ్ణి చేస్తున్నట్టుంది.

"ఎడమది పలకడం లేదయ్యా. నా చెవులు నాకున్నాయి."

"కోపం వద్దు సేట్. పిన్నులు మారుస్తా. తీగలో తప్పుంటే ఇప్పుడు కుడి పక్కది ఆగిపోవాలి." ఎర్ర పిన్నునూ తెల్ల పిన్నునూ తారుమారు చేశాడు. "ఇప్పుడు?"

"ఎడమదే పలకడం లేదు."

"అయితే స్పీకరు తప్పుండాలి." రెండు స్పీకర్లనూ ఎత్తి, ఆ స్టూలు మీదిది ఈ స్టూలు మీదికి, ఇక్కడిది అక్కడికి మార్చాడు. "ఇప్పుడు చెప్పండి. పాత ఎడమది మీ కుడి పక్కనుంది."

పాత ఎడమది నా కుడి పక్కన గణగణలాడుతోంది. నిన్నంతా గణగణలాడిన స్పీకరు ఇప్పుడు ఎడమ పక్కన నోట్లో గుడ్డ కుక్కుకుని కూర్చుంది. "మళ్లీ ఎడమదే" అన్నాను. అన్నాను గానీ గొంతులో మునుపటి బలం లేదు. భాయ్ స్క్రూడ్రైవరు కింద పెట్టి మా ఆవిడ వైపు చూశాడు. ఆమె వంటింటి గడపలో నిలబడి ఉంది.

"ఒకసారి లెయ్యండి" అంది.

లేచాను. ఆమె నా కుర్చీని పట్టుకుని, టీవీకి వీపు పెట్టేటట్టు తిప్పింది. స్పీకర్లను ముట్టుకోలేదు, తీగలను ముట్టుకోలేదు. "కూచోండి. ఇప్పుడు చెప్పండి, ఏది పలకడం లేదు?"

"ఇదే, ఎడమ..." అని చెయ్యి చాపాను. నా చెయ్యి ఆనింది ఒక్క నిమిషం కింద నా కుడి చెవిలో గణగణలాడిన స్పీకరు మీద. దాని వణుకు నా అరచేతికి తెలుస్తోంది. అది మాట్లాడుతోంది. నాకే వినపడటం లేదు.

టీవీలో ఎవరో పత్తికి పట్టే పురుగు గురించి చెబుతున్నారు. భాయ్ తన సామాను సంచిలో వేసుకుంటూ, "మిషన్ల పక్కన పనిచేసేవాళ్లకు ఇది మామూలే సేట్. డాక్టరుకు చూపించుకోండి" అని చెప్పి, టీ కూడా వద్దని వెళ్లిపోయాడు.

"నీకు ముందే తెలుసా?" అని మా ఆవిడను అడిగాను.

"రెండేండ్ల నుంచి ఫోను కుడి చెవికే పెట్టుకుంటాండారు. మీ పక్కన నడిస్తే నేను కుడి పక్కకే వస్తాండా, చూసుకోండి కావాలంటే."

"చెప్పొచ్చు గదా?"

"పోయిన దసరాకు చెప్పినా. నా చెవి గురించి నువ్వు నాకు చెప్తావా అని కంచం ముందర నుంచి లేచి పోతిరి. ఆ మనిషి చెప్తే అబద్ధాలకోరు అంటిరి. ఆడలేక మద్దెల ఓడనే మనిషికి ఎవరు చెప్పల్ల, ఎట్ల చెప్పల్ల?"

నిజం చెప్పాలంటే, ఆ క్షణాన నాకు మేస్త్రి గుర్తు రాలేదు. నా పేరు గుర్తొచ్చింది. చెవిటి శెట్టి కొట్టిన బండ ఎవరు కొంటారనే భయం గుర్తొచ్చింది. ఆ భయంతోనే ఫ్యాక్టరీకి పోయాను. శనివారం నేనే కొట్టి సరే అన్న బండల వరుస షెడ్డు చివర నిలబెట్టి ఉంది. మొదటి బండకు ఎప్పటిలా ఎడమ చెవి ఆనించి తట్టాను. బాగానే ఉందనిపించింది. తర్వాత అటు పక్కకు పోయి, చేతులు మార్చుకుని, కుడి చెవి ఆనించి తట్టాను. ఎడమ చేత్తో తట్టడం రాక ఇనపముక్క జారిపోతోంది. అయినా వినపడింది. పలుకు చివర సన్నటి జీర. రెండో బండ మంచిది. మూడోది జీర. ఆ మూడోదాన్ని రెండు చేతులా పట్టుకుని మోకాలికి ఆనించి కొంచెం ఒత్తాను. నా చేతిలోనే రెండుగా ఊడివచ్చింది. అప్పుడు గుర్తొచ్చాడు మేస్త్రి.

క్వారీకి పోయే దారిలో ఆయన ఇల్లు. గోడలు కూడా బండలతో కట్టిందే. పనివేళలో ఆయన ఇంటి దగ్గర ఉండటం నేనెప్పుడూ చూడలేదు. అరుగు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని ఖాళీగా కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోతే, వద్దని నేనే పక్కన కూర్చున్నాను. ఆయనకు ఎడమ పక్కన కూర్చున్నానని, నా కుడి చెవి ఆయన వైపు పెట్టుకున్నానని, కూర్చున్నాక గమనించాను.

"పొద్దున రెండు గేట్ల కాడికి పోతినప్పా" అన్నాడు. "నీకు పట్టు పోయిందంట గదా అన్నారు. లోపలికి కూడా రానీలేదు."

"మేస్త్రీ, స్పీకరు బాగానే ఉండాది. నా చెవి పోయింది. బండలు పగలగొట్టింది నువ్వు కాదు. పగిలినవి నేనే పంపినా."

ఆయన ఆశ్చర్యపోలేదు. "తెలుసప్పా" అన్నాడు.

"తెలుసా?"

"రెండేండ్లాయె. నువ్వు కొట్టి సరే అన్నాక, లారీ ఎక్కించే ముందర నేను ఒక దెబ్బ కొట్టి చూస్తాంటి. జీర ఉంటే నీ కంట పడకుండా వెనక్కి పెట్టిస్తాంటి. ఉగాది ముందర ఒక దినం చూసినావు. శెట్టి చూసిన బండను కూలోడు మళ్లా చూసేదేందని ఇనపముక్క నా చేతిలోంచి గుంజి పారేస్తివి. ఆపొద్దు నించి ముట్టుకోలేదు. ఆపొద్దు నించే రాయచోటి ఫోన్లు మొదలాయె."

జరిగింది నిజం. ఆ ఇనపముక్క కంకర మీద పడ్డ చప్పుడు కూడా నాకు గుర్తొచ్చింది. రెండేళ్లు నా పేరును కాచినవాడి పేరును నేను ఒక్క పూటలో మట్టి చేశాను. నాకు ఏడుపొచ్చింది, ఆ అరుగు మీదే ఏడ్చాను.

"చెప్పింటే ఏమయ్యేది మేస్త్రీ?"

"ఎవరికి చెప్పల్ల? నీకు చెప్తే ఇనవు. ఇంకొకరికి చెప్తే శెట్టికి చెవి పోయిందని ఊరంతా పాకిపోతాది. నీ బండ ఎవరు కొంటారు? ముఠాలో ఆరు ఇండ్లు దాని మీదే ఉండాయి."

"తప్పైపోయింది. రేపు పొద్దున రా. ఎప్పటి లెక్కనే లోడు చూసుకో."

ఆయన తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. కాయలు కాచి నల్లబడిన చేతులు.

"రానప్పా. ఈడ మా అరుగు మీద తప్పైందంటాండావు. ఆ మాట యాడ అంటివి? యార్డులో, అందరూ ఇంటాంటే అంటివి. ఈ మాటా ఆడనే అను. అప్పుడొస్తా."

మర్నాడు పొద్దున రాయచోటి లోడు. ఆ గుమాస్తా కూడా వచ్చి ఉన్నాడు. నేను కుర్చీలో కూర్చుని గడియారం చూస్తూ, ఈ మనిషి పోయాక చెబుదామా, ముఠావాళ్లను మాత్రం పక్కకు పిలిచి చెబుదామా అని వంకలు వెతికాను. అబద్ధమెందుకు, చెప్పకుండా ఎగ్గొట్టే దారి కూడా వెతికాను. గేటు అవతల మేస్త్రి నిలబడి ఉన్నాడు. కాలు లోపల పెట్టలేదు. తొందరపెట్టలేదు, పిలవలేదు. నిలబడ్డాడు, అంతే.

లేచి యార్డు నడుమకు పోయి మాట మొదలుపెట్టాను. పాలిష్ మిషన్ల రొదలో నా మాట నాకే వినపడలేదు, ఇక వాళ్లకేం వినపడుతుంది? చెప్పేశాను కదా అని అక్కడితో ముగించొచ్చు. ఆ ఆలోచన కూడా వచ్చింది. చెయ్యెత్తి మిషన్లన్నీ ఆపించాను. రొద ఒక్కొక్కటే తగ్గి, చివరి మిషను కూడా ఆగాక, పనివాళ్లు ఎవరికో దెబ్బ తగిలిందనుకుని బయటికొచ్చారు. అందరి ముందూ చెప్పాను.

"మేస్త్రి చేతిలో పట్టు యాడికీ పోలేదు. నా ఎడమ చెవి పోయింది. పగిలిన బండలన్నీ నేను బాగుండాయని పంపినవే. ఆయన్ను అన్న మాటలు అబద్ధం. తప్పు నాది."

గుమాస్తా జేబులోంచి ఫోను తీసుకుని లారీ వెనక్కి నడిచాడు. ఆ ఫోను ఎవరికో, అందులో ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు.

మేస్త్రి గేటు దాటి లోపలికొచ్చాడు. వరుసలో మొదటి బండ దగ్గర ఆగి నా కోసం చూశాడు. పోయి ఆ బండను ఎత్తి అంచు మీద నిలబెట్టి పట్టుకున్నాను. జేబులోని ఇనపముక్క ఆయన చేతికిచ్చాను. ఆయన వంగి చెవి ఆనించి తట్టాడు. సరే అంటాడో తీసెయ్యమంటాడో, ఆ మాట వచ్చేదాకా నేను బండను కదలనివ్వకుండా నిలబడ్డాను.